తలుపు వేయలేని మనిషి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ విరహగీతాలు పన్నెండూ రెండేసి సార్లు చదివాను. తొమ్మిదింట్లో వెన్నెల ఉంది, ఏడింట్లో సముద్రం ఉంది. వెళ్లిపోయిన ఆ అమ్మాయి చేయి తగిలిన వస్తువు మాత్రం ఒక్క చోట తప్ప ఎక్కడా కనబడలేదు. అర్జెంటీనా వాళ్ల టాంగో పాటలంటే నీకు ప్రాణమని తెలుసు కాబట్టి, వాటి మీదుగానే నా మాట చెబుతాను.

సామ్యుయెల్ కాస్త్రియోతా కట్టిన ఒక వాద్య టాంగోకు పాస్కువాల్ కొంతూర్సి మాటలు రాస్తే, ఆ పాటను ‘మి నోచె త్రిస్తె’ (నా విషాద రాత్రి) అన్న పేరుతో గాయకుడు కార్లోస్ గార్డెల్ 1917లో పాడి రికార్డు చేశాడు. మన శృంగార పదకవితల్లో ఎక్కువగా ఎదురుచూసేది నాయిక. ఇక్కడ ప్రియురాలు వదిలి వెళ్లిన గదిని కనిపెట్టుకొని ఉన్నది మగవాడు. ఒకే రంగు రిబ్బన్లు కట్టి ఆమె అమర్చుకున్న చిన్న చిన్న సీసాలు ఇప్పుడక్కడ లేవు. అద్దం మసకబారి, ఏడ్చినట్టుంది. గిటారు బట్టల బీరువాలో వేలాడుతూనే ఉంది, దాన్ని మీటేవారు లేరు. మాతే (అక్కడివాళ్లు టీలా తాగే ఆకు కషాయం) తాగుతూ తినడానికి, ఆమె ఉన్న రోజుల్లోలాగే, అతడు ఇప్పటికీ బిస్కెట్లు తెచ్చుకుంటాడు. తెరిచి ఉంటే ఆమె తిరిగొస్తుందన్న భ్రమైనా మిగులుతుందని, రాత్రి పడుకునేటప్పుడు తలుపు వేయలేడు.

ఇన్నేళ్లుగా నన్ను వదలనివి ఆ బిస్కెట్లే. అద్దం ఏడవడం కవి కల్పన. బిస్కెట్లు తేవడం ఒక మనిషి అలవాటు. ఆమె లేదని అతడికి తెలుసు, కానీ దుకాణం ముందు నిలబడ్డ చేతికి ఆ సంగతి ఇంకా తెలియలేదు. చివరి చరణంలో గదిలోని దీపం కూడా ఆమె లేని లోటు తెలిసి వెలుగివ్వనంటుంది. అదే మాట పాట మొదట్లో వచ్చి ఉంటే మనం నమ్మేవాళ్లం కాదు. గదిలోని సామాను మనకు పరిచయమయ్యాక గానీ కొంతూర్సి ఆ సాహసం చేయలేదు. నువ్వు తొలి పాదంలోనే చంద్రుడి చేత కన్నీరు పెట్టిస్తున్నావు.

ఊళ్ల పేర్లకు భయపడకు. ఓమెరో మాన్సి రాయగా అనీబల్ త్రోయిలో బాణీ కట్టిన 1948 నాటి టాంగో ‘సుర్’, అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరెస్‌లో సాన్ హువాన్, బోయెదో వీధులు కలిసే కూడలితోనే మొదలవుతుంది. పొంపేయా పేట, దానికవతల వరద నీరు, కమ్మరి కొలిమి ఉన్న మూల, బురద, పిచ్చిమొక్కల వాసన అన్నీ వరసగా వస్తాయి. ‘సుర్’ అంటే దక్షిణం, కేవలం ఒక దిక్కు. దుకాణం అద్దానికి ఆనుకొని నీకోసం ఎదురుచూసిన నన్ను ఇక అలా ఎప్పటికీ చూడవని ఆ పాటలోని ప్రియుడు అనేసరికి, ఆ దిక్కులో గడిచిపోయిన యౌవనమంతా ఉంటుంది. ఆ కూడలి నేను చూడలేదు, అయినా అక్కడ నిలబడగలను.

నీ ఆరో పాటలో ఆమె మరిచి వెళ్లిన గొడుగు ఒక్క పాదంలో కనిపించి మాయమైంది. అది తలుపు పక్కన ఏ మూలన ఉంది? వాన పడిన రోజు అతడు దాన్ని వేసుకొని బయటికి వెళ్తాడా, దాన్ని అక్కడే ఉంచి తడుస్తూ వెళ్తాడా? ఆ సంగతి తేల్చుకొని, పాట తిరిగి రాసి పంపు.