పగటి పూట కోసం ఇల్లు వెతుక్కో

తిరుపతి భైరాగిపట్టెడ నుంచి ఒక చెల్లెలు అడిగింది: "అక్కా, మా పాపకి పదేళ్ళు, బాబుకి ఆరు. మూడేళ్ళుగా ఇద్దర్నీ ఇంట్లోనే చదివిస్తున్నాం. మా ఆయనకి ఆఫీసులో డాలస్ అయినా జర్మనీ అయినా ఏదో ఒకటి నెలలోగా తేల్చి చెప్పమన్నారు. అక్కడున్న వాళ్ళని అడిగితే అందరూ మంచి స్కూళ్ళున్న ఏరియాలో ఇల్లు తీసుకోమంటున్నారు. మేం ఇంటి చదువే కొనసాగించాలనుకుంటే ఇల్లు, కారు, ఖర్చులు ఎట్లా చూసుకోవాలి? ఇక్కడి నుంచి ఏం తెచ్చుకోవాలి? పెద్దదాన్ని ఒక్క ఏడాది బడిలో వేస్తే మంచిదా?"

చెల్లీ, నేను పుట్టి పెరిగింది కొర్లగుంటలో. డాలస్ పక్క ఊళ్ళో పదిహేడేళ్ళుగా ఉన్నాం. మా పిల్లలిద్దరూ ఇంట్లోనే చదివారు. నువ్వు అడిగినవన్నీ ఒకప్పుడు నేను ఎవర్ని అడగాలో తెలియక సతమతమైన విషయాలే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు జర్మనీ సంగతి తేల్చేద్దాం. అక్కడ పిల్లలు బడికి వెళ్ళి తీరాలన్నది చట్టం. ఇంట్లో చదివిస్తామంటే ఒప్పుకోరు, జరిమానాల దాకా పోతుంది. జర్మనీ మంచి దేశమే, బడి చదువుకి ఫీజు కూడా ఉండదు. కానీ పిల్లల్ని బడికి పంపడానికి మనసు సిద్ధం చేసుకున్నాకే ఆ దారి పట్టాలి. ఇంటి చదువు వదలకూడదు అన్నది మీ ఇంట్లో గట్టి నిర్ణయమైతే ఇంకో ఆలోచన లేదు, డాలసే.

డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్రంలో ఇంటి బడిని ప్రైవేటు స్కూలు కింద లెక్కేస్తారు. ఆర్లింగ్టన్ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ఊరి ప్రభుత్వ బడులు నడిపే సంస్థ) మీద కొందరు తల్లిదండ్రులు వేసిన కేసులో 1994లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు ఈ మాట ఖాయం చేసింది. నువ్వు ఎక్కడా రిజిస్టర్ చేసుకోనక్కర్లేదు, పరీక్షలు రాయించి చూపించనక్కర్లేదు. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరుడిగా ఉండటం, ఈ అయిదూ పుస్తకాల నుంచో స్క్రీన్ మీదనో నిజాయితీగా నేర్పిస్తుండాలి, అంతే. సైన్సు ఆ జాబితాలో లేదని వదిలేసే తల్లివి కాదు నువ్వు, ఆ టెన్షన్ నాకు లేదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. పిల్లల్ని అక్కడి ప్రభుత్వ బడిలో అసలు చేర్చకపోతే ఎవరికీ ఏమీ చెప్పే పని లేదు. ఒకసారి చేర్చి మానిపిస్తే మాత్రం బడికి రాతపూర్వకంగా తెలియజేయాలి. లేకపోతే పిల్లలు బడి ఎగ్గొడుతున్నట్టు లెక్కలోకి వస్తుంది.

ఇక ఇల్లు. మేం చేసిన పెద్ద తప్పు ఇక్కడే, నువ్వు అదే చేయకుండా ఉంటే నాకు సంతోషం.

మేం వచ్చినప్పుడు కూడా అందరూ ఒకటే మాట, పదికి పది రేటింగ్ ఉన్న స్కూలు జోన్‌లో తీసుకోండి అని (ఇల్లు ఏ జోన్‌లో ఉంటే ఆ ప్రభుత్వ బడే దక్కుతుంది). తీసుకున్నాం. పక్క జోన్‌లో అంతే ఇంటికన్నా నెలకి 350 డాలర్లు ఎక్కువ. ఏడాదికి 4,200 డాలర్లు, మా పిల్లలు గడప తొక్కని బడి కోసం కట్టాం. పైగా దొరికింది రెండో అంతస్తు. అక్కడ అపార్ట్‌మెంట్లు చాలావరకు చెక్క కట్టడాలు, పైన పిల్లాడు పరిగెత్తితే కింద ఇంట్లో కప్పు దడదడలాడుతుంది. కింద ఉండే ఆయనది రాత్రి డ్యూటీ, పగలు నిద్రపోయేవాడు. ఒకరోజు పదకొండింటికి పైకొచ్చి, చేతులు జోడించినంత మర్యాదగా, కాస్త చప్పుడు తగ్గించగలరా అని అడిగాడు. మనిషి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన తప్పేముంది? ఆ బిల్డింగులో పగలంతా పిల్లలతో ఇంట్లో ఉండేది మేమే కదా. ఆ రోజు నుంచి అమ్మ కుట్టించి పంపిన బొంతలు రెండూ హాల్లో పరిచాను. మా చిన్నోడు ఎనిమిది నెలలు ఆ ఇంట్లో మునివేళ్ళ మీద నడిచాడు. సెలవులకి తిరుపతి వచ్చినప్పుడు మా అమ్మ వాణ్ణి చూసి, బిడ్డ కాలికి ఏమైంది అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

అందుకని చెల్లీ, బడికి పంపే వాళ్ళు బడిని చూసి ఇల్లు తీసుకుంటారు, నువ్వు పగటి పూటని చూసి తీసుకో. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ముగ్గురు మనుషులు బతికే ఇల్లు అది. కింద అంతస్తు కావాలి. వెలుతురు బాగా వచ్చే గది ఒకటి ఉండాలి. తలుపు తీస్తే పిల్లలు దూకడానికి నాలుగు అడుగుల గడ్డి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, నడిచి వెళ్ళగలిగే దూరంలో లైబ్రరీ. మ్యాప్‌లో రెండు మైళ్ళే అని మురిసిపోవద్దు. మా పాత ఇంటి నుంచి లైబ్రరీకి వెళ్ళే దారిలో సగం దూరం పోయాక ఫుట్‌పాత్ ఆగిపోయేది, ఆ తర్వాత కార్లు దూసుకుపోయే రోడ్డు పక్కన గడ్డిలో నడవాలి. మ్యాప్‌లో వీధి ఫొటోలు చూసే సౌకర్యం ఉంది కదా, మీ ఆయన్ని కూర్చోబెట్టి ఆ దారంతా ఒకసారి చూడండి.

పిల్లలు ఏడాది తర్వాత బడికి పోతారేమో అన్న అనుమానం నీకు నిజంగా ఉంటే, మరీ తీసిపోని జోన్ చూసుకో, తప్పు లేదు. కానీ ఆ అనుమానం ఊళ్ళో వాళ్ళదా, నీదా అన్నది ముందు తేల్చుకో. మొదటి అగ్రిమెంటు ఏడాదికి మించి రాసుకోవద్దు. కొత్తగా వచ్చిన వాళ్ళకి క్రెడిట్ హిస్టరీ (అప్పులు సరిగా తీర్చిన రికార్డు) ఉండదు కాబట్టి అడ్వాన్సు ఎక్కువ అడగొచ్చు, ఆ డబ్బు చేతిలో ఉంచుకుని రండి. అగ్రిమెంటు కాగితం చేతికి రాగానే మొదట చేయాల్సిన పని లైబ్రరీ కార్డు. చిరునామా రుజువు చూపిస్తే ఉచితంగా ఇస్తారు. మా లైబ్రరీలో ఒకేసారి యాభై పుస్తకాలు తెచ్చుకోవచ్చు. మా ఇంట్లో బట్టల బుట్టతో తెచ్చేవాళ్ళం.

కరెంటు గురించి నీకు ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. టెక్సాస్‌లో చాలా ఊళ్ళలో కరెంటు కంపెనీని మనమే ఎంచుకోవాలి. వాటిలో "రాత్రిళ్ళు కరెంటు ఉచితం" అని ప్లాన్లు ఉంటాయి. పగలు ఇల్లు తాళం వేసుకుపోయే కుటుంబానికి అవి లాభం, ఎందుకంటే పగటి యూనిట్ రేటు బాగా ఎక్కువ పెట్టి ఉంటారు. మీరు పగలంతా ఇంట్లోనే. అక్కడా ఎండాకాలం మన తిరుపతి లాగే నలభై డిగ్రీల దాకా పోతుంది, ఏసీ ఆపలేరు. రోజంతా ఒకే రేటు ఉండే ప్లానే తీసుకోండి.

కారు విషయంలో నేను మొహమాటపడను. నువ్వు డ్రైవింగ్ నేర్చుకుని, నీకంటూ పగటి పూట ఒక కారు ఉండాలి. రెండు కార్లు కొనే స్తోమత మొదటి ఏడాది లేకపోతే, వారంలో రెండు రోజులైనా మీ ఆయన ఆఫీసుకి వేరే వాళ్ళతో కలిసి పోవాలి, లేదా నువ్వు దింపి రావాలి. ఇది పెళ్ళాం సరదా ఖర్చు కాదు, మీ పిల్లల బడి బస్సు. నేను పద్నాలుగు నెలలు కారు లేకుండా ఉన్నాను. ఆ పద్నాలుగు నెలల్లో మా పిల్లలు చూసిన లోకం బాల్కనీ నుంచి కనిపించే పార్కింగ్ మాత్రమే. కారు వచ్చాక వారానికి ఒకరోజు పార్కులో ఇంటి చదువు కుటుంబాలన్నీ కలిసే చోటికి వెళ్ళాం, డాలస్ ఆర్ట్ మ్యూజియం, ఫోర్ట్ వర్త్‌లో కింబెల్ మ్యూజియం తిరిగాం. ఆ రెండింటిలోనూ శాశ్వతంగా పెట్టిన బొమ్మలు చూడటానికి టికెట్ లేదు. బడి పిల్లలంతా క్లాసుల్లో ఉండే వారం మధ్య రోజుల్లో, ఆ ఖాళీ హాళ్ళలో ఒక్కో బొమ్మ ముందు పిల్లలు ఎంతసేపు కూర్చున్నా అడ్డు చెప్పే వాళ్ళుండరు.

తిరుపతిలోనే కారు నేర్చుకుని లైసెన్సు తీసుకో. ఆర్టీఓ ఆఫీసులో అంతర్జాతీయ పర్మిట్ కూడా ఇస్తారు. టెక్సాస్‌లో స్థిరపడ్డాక మన లైసెన్సుతో తొంభై రోజులు నడపొచ్చు, ఆలోపు అక్కడి లైసెన్సు తీసుకోవాలి. కుడివైపు నడపడం వారంలో అలవాటవుతుంది. స్టీరింగ్ పట్టుకోవడమంటేనే భయం ఉంటే మాత్రం అక్కడ, కొత్త ఊళ్ళో, గంటకి డాలర్లు పోసి నేర్చుకోవడం చాలా కష్టం.

డబ్బు దగ్గర ఒక హెచ్చరిక. మీ ఆయన హెచ్-1బి ఉద్యోగ వీసా మీద వస్తే నీది భార్యాపిల్లలకి ఇచ్చే హెచ్-4 వీసా అవుతుంది. పిల్లలకి బాగా చెప్తుందని పేరొస్తే పక్కింటి వాళ్ళు, మా వాడికి కూడా లెక్కలు చెప్పండి, నెలకి ఇంత ఇస్తాం అంటారు. పని చేసుకునే అనుమతి కార్డు లేకుండా ఒక్క డాలర్ కూడా తీసుకోవద్దు. మీ ఆయన గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటాకే ఆ కార్డుకి అర్హత వస్తుంది. ఇండియాలో ఉన్న పిల్లలకి ఆన్‌లైన్‌లో ట్యూషన్ చెప్తానన్నా లాయర్ని అడిగే చేయి. నలుగురు తల్లులు కలిసి డబ్బు లేకుండా ఒకరి పిల్లలకి ఒకరు చెప్పుకోవడం వేరే సంగతి, అలాంటి బృందాలు అక్కడ బోలెడు. ఒక్క జీతం మీదే ఇల్లు నడుస్తుందని లెక్క వేసుకుని రండి.

టెక్సాస్ ఏమీ అడగదు కదా అని ఏమీ రాసుకోకుండా ఉండొద్దు. హెచ్-1బి మీద ఉద్యోగం పోతే సాధారణంగా అరవై రోజులే గడువు. ఆ హడావిడిలో ఏ రాష్ట్రంలో పని దొరికితే అక్కడికి పోవాలి. న్యూజెర్సీ అయితే టెక్సాస్ లాగే పెద్దగా అడగరు. న్యూయార్క్ అయితే ముందుగా ప్రణాళిక, మూణ్ణెల్లకోసారి రిపోర్టు ఇవ్వాలి. పెన్సిల్వేనియాలో ఏడాది చివర పిల్లలు చేసిన పనంతా ఫైలు చేసి చూపించాలి. అందుకే తేదీ వేసి రోజుకి నాలుగు లైన్లు రాయి. మా పాత రూళ్ళ పుస్తకం ఒకటి ఇప్పుడు నా ముందే ఉంది. ఒక పేజీలో ఇట్లా ఉంది: "మంగళవారం. చెనక్కాయలు రెండు పౌండ్లు తూచాం. పౌండుకి 16 ఔన్సులు, 454 గ్రాములు. చిన్నోడు కిలోకి ఎన్ని పౌండ్లో తనే కట్టాడు, 2.2 వచ్చింది. పాప ఊరుబిండి నూరుతూ కొలతలు ఇంగ్లీషులో రాసింది, మూడు తప్పులు." లెక్కలు, స్పెల్లింగ్, వంట అన్నీ అందులోనే ఉన్నాయి. ఇలాంటి పేజీలు ఎవరికైనా ధైర్యంగా చూపించొచ్చు.

తెచ్చుకోవాల్సినవి క్లుప్తంగా చెప్తాను. చాలా విమానాల్లో మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. ఇంగ్లీషు, లెక్కల పుస్తకాలకి ఆ బరువు వృథా చేయొద్దు, అవన్నీ లైబ్రరీలో దొరుకుతాయి. తెలుగు పుస్తకాలు మాత్రం ఎన్ని పడితే అన్ని తెచ్చుకో, అక్కడ దొరకనివి అవే. టీకాల కార్డులు, బీసీజీ వేసిన తేదీతో సహా, చేతి సంచిలో పెట్టుకో. బడికి పోకపోయినా గ్రీన్ కార్డు వైద్య పరీక్షకి కావాలి. బీసీజీ వేసుకున్న పిల్లలకి చర్మం మీద చేసే టీబీ పరీక్షలో లేని జబ్బు ఉన్నట్టు రావచ్చు, రక్త పరీక్ష చేయమని అడుగు. పళ్ళ డాక్టరు పని, కళ్ళద్దాలు రెండు జతలు తిరుపతిలోనే పూర్తి చేసుకో.

పెద్దదాన్ని బడిలో వేయాలా అన్నావు. ఇంగ్లీషు రాదేమో, స్నేహితులు ఉండరేమో అన్న భయంతో అయితే వద్దు. కొత్త ఊరు, కొత్త ఇల్లు, కొత్త చలి, అన్నీ ఒకేసారి మీద పడే ఏడాదిలో ఆ పిల్లకి మారకుండా మిగిలేది మీ చదువు బల్ల ఒక్కటే. ఆరు నెలలు ఆగి, ఆ పిల్లే బడికి పోతానని అడిగితే అప్పుడు సంతోషంగా చేర్చు. ప్రభుత్వ బడికి ఫీజు లేదు, ఆగస్టు మధ్యలో మొదలవుతాయి. మళ్ళీ ఇండియా వచ్చేయాల్సి వస్తే, పద్నాలుగేళ్ళు నిండాక మన ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతి రాయించొచ్చు. ఏ తలుపూ మూసుకుపోదు.

ఒక్క పీరియడ్ మాత్రం మొదటి వారం నుంచే పెట్టుకో. డాలస్‌లో పొద్దున ఎనిమిదైతే తిరుపతిలో ఎండాకాలం సాయంత్రం ఆరున్నర, చలికాలం ఏడున్నర. బడికి పోయే పిల్లలకి ఆ సమయంలో తాతతో మాట్లాడే వీలుండదు, మీ పిల్లలకి ఉంటుంది. మా నాన్న ఎనిమిదేళ్ళు ఆ పీరియడ్ చెప్పాడు. కొర్లగుంట ఇంటి అరుగు మీద కూర్చుని, ఫోన్ నీళ్ళ చెంబుకి ఆనించి, తెలుగు పద్యం ఒక్కో పాదం చదివి ఆగేవాడు. ఇటు పిల్లలు చెప్పేదాకా అటు మళ్ళీ నోరు విప్పేవాడు కాదు. దోమలు తోలుకుంటూ, వీధిలో పోయే వాళ్ళకి "మనవళ్ళు, చదువుకుంటా ఉండారు" అని చెప్తూ. మీ మామగారికి స్మార్ట్ ఫోన్ వాడటం రాకపోతే, విమానం ఎక్కేలోపు దగ్గర కూర్చుని నేర్పించు.