ఆకు బొమ్మ కింద ఏముందో: మేనల్లుడికి ఉత్తరం

కడప

చి. ఓబులేసుకు మామ ఆశీస్సులు.

మొన్న రాత్రి ఫోన్ చేసి "మామా, ఇందులో స్టార్ట్ బటన్ యాడుందో కనపడల్యా" అన్నావు. అప్పుడు అంగట్లో ముగ్గురు నిలబడి ఉన్నారు, రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను. ఈరోజు ఆదివారం, షట్టర్ సగం దించుకుని తీరిగ్గా రాస్తున్నా.

నీకిచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ కాదు. మీ హాస్టల్లో ఎవరో అన్నట్టు లినక్స్ రకమూ కాదు. దాని పేరు హైకూ, విండోస్ మాదిరే మిషన్ మొత్తాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్. ఆపిల్‌లో పెద్ద పదవిలో ఉండిన జాన్ లూయీ గాసే అనే ఫ్రెంచాయన బయటికొచ్చి బీ అనే కంపెనీ పెట్టి, బీఓఎస్ అని ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేయించాడు. 1996లో ఆపిల్ దాన్ని కొనబోయి, బేరం తెగక నెక్స్ట్ అనే ఇంకో కంపెనీని కొనింది. 2001లో బీ ఆస్తులు పామ్ అనే కంపెనీ చేతికి పోయాయి. బీఓఎస్ మీద మనసు చావనివాళ్లు అదే ఏడు దాన్ని మొదట్నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టారు. 2004 నుంచి ఆ పనికి హైకూ అని పేరు. పాత బీఓఎస్ బ్రౌజర్లో పేజీ తెరుచుకోకపోతే ఎర్రర్ మెసేజ్ హైకూ పద్యంలా వచ్చేదట, పేరు అక్కడిదే. మొదటి బీటా, అంటే పూర్తి కాకముందు పరీక్షకు వదిలేది, 2018లో వచ్చింది, ఐదోది 2024లో. ఇన్నేళ్లయినా బీటానే, చూసుకో. కాలేజీ పని మొత్తం దీని మీద పెట్టొద్దని ఎందుకన్నానో ఇప్పుడు తెలిసిందా?

సరే, స్క్రీన్ దగ్గరికి రా. నువ్వు వెతికినది కుడివైపు పైమూలలో ఉంది, ఆకు బొమ్మ. ఆ పెట్టెను డెస్క్‌బార్ అంటారు. నడుస్తున్న ప్రోగ్రాములన్నీ దాని కింద వరసగా కనిపిస్తాయి. దాన్ని కిందికి లాగి విండోస్ మాదిరి పరుచుకోవచ్చు, కానీ ఒక నెల పాటు ఆ పని చేయొద్దు. కొత్త ఇంటికి పోయి పాత ఇంటి గోడలు కట్టుకునేవాళ్లు ఉంటారు చూడు, నేనూ మొదటి రోజు అదే చేశాను. వారమంతా ఇది బాగలేదు, అది బాగలేదు అని గొణుక్కోవడమే మిగిలింది. కాపీ, పేస్ట్ కూడా ఇక్కడ కంట్రోల్‌తో కాదు, ఆల్ట్‌తో. ఇది ఒక్కటి మాత్రం కీమ్యాప్ సెట్టింగ్స్‌లోకి పోయి మార్చుకున్నా నేనేమీ అనను. పొద్దున ల్యాబ్‌లో ఒకటి, రాత్రి రూములో ఒకటి అంటే వేళ్లు తికమక పడతాయి.

విండోకు పైన అడ్డంగా పట్టీ ఉండదు. లెడ్జరుకు అంటించిన చీటీ లాగా పసుపు ట్యాబ్ ఒక్కటే ఉంటుంది. మూసే గడి ఎడమవైపు. ట్యాబ్ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే విండో డెస్క్‌బార్‌లోకి పోతుంది, రైట్ క్లిక్ చేస్తే మిగతా విండోల వెనక్కి పోతుంది. ఈ వెనక్కి పంపే పనే నాకు బాగా అలవాటైంది, ఇప్పుడు విండోస్ ముందు కూర్చున్నా చేయి అదే వెతుకుతుంది. ఇంకొకటి చేసి చూడు. రెండు ఫోల్డర్లు తెరువు. కీబోర్డ్ మీద విండోస్ కీ నొక్కి పట్టుకుని, ఒకదాని ట్యాబ్‌ను లాక్కొచ్చి రెండోదాని ట్యాబ్ మీద వదులు. రెండూ అతుక్కుని ఒకే విండోలో రెండు ట్యాబ్‌లవుతాయి. అంచుకు అంచు ఆనించి వదిలావనుకో, పక్కపక్కన అతుక్కుని కలిసే కదులుతాయి. ఒకటి బ్రౌజర్, ఒకటి నోట్సు రాసే ప్రోగ్రాం అయినా ఇలాగే అతుకుతాయి.

ఇవన్నీ పైపై సోకులు. అసలు సరుకు ఫైళ్లలో ఉంది, అది మాత్రం ఓపిగ్గా చదువు.

ఇక్కడ ఫైలుకు పేరు, సైజు, తేదీయే కాదు, నీకు కావలసిన వివరాలు ఎన్నైనా తగిలించొచ్చు. వాటిని ఆట్రిబ్యూట్‌లు అంటారు. నేను రిపేరుకొచ్చిన ప్రతి మిషన్‌కు ఒక చిన్న ఫైల్ పెట్టాను. ఫైల్‌టైప్స్ అనే సెట్టింగ్‌లో 'చిట్టీ' అని సొంత రకం ఒకటి చేసి, దానికి పార్టీ పేరు, ఫోన్, జబ్బు, స్థితి అని నాలుగు గడులు తగిలించాను. ఇక ఆ ఫోల్డర్ తెరిస్తే రిజిస్టరు పేజీ తెరిచినట్టే ఉంటుంది. గడి మీద క్లిక్ చేసి అక్కడే రాసుకోవచ్చు.

తర్వాత ఆల్ట్ ఎఫ్ కొట్టి, స్థితి 'పెండింగ్' ఉన్నవి చూపించమని వెతికాను. ఒక్కటీ రాలేదు. అరవై చిట్టీలు కళ్లముందే ఉన్నాయి, విండో మాత్రం ఖాళీ. సగం రోజు తల గీక్కున్నాక తెలిసింది, సొంతంగా పెట్టుకున్న గడికి ముందు ఇండెక్స్, అంటే వెతకడానికి పట్టిక, చేయాలని. కమాండ్లు టైపు చేసే టెర్మినల్ విండోలో ఎం-కే-ఇండెక్స్ (mkindex) కమాండ్ అందుకే. అది కొట్టాక కూడా పాత ఫైళ్లు రావు, ఆ తర్వాత రాసినవే వస్తాయి. పాతవాటిని లోపలికి తేవడానికి రీఇండెక్స్ అని ఇంకో కమాండ్ ఉంది. నువ్వు ముందే ఇండెక్స్ చేసుకుని, ఆ తర్వాతే ఫైళ్లు పెట్టు.

అది కుదిరాక చూడాలి దాని అందం. పెండింగ్ జాబితా ఒక పక్క, చిట్టీల ఫోల్డర్ ఒక పక్క తెరిచి పెట్టాను. ఒక ముసలాయన వచ్చి తన ప్రింటర్ తీసుకుపోయాడు. ఆయన చిట్టీలో స్థితి మార్చి ఎంటర్ కొట్టగానే పక్క జాబితాలోంచి ఆ లైను దానంతటదే మాయమైంది. మళ్లీ వెతకలేదు, రిఫ్రెష్ కొట్టలేదు. నువ్వు నీ ల్యాబ్ రికార్డులతో ఇదే చెయ్: సబ్జెక్టు, సబ్మిట్ చేశానా లేదా అని రెండు గడులు చాలు.

ఆ గడుల్లో నేను తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటాను. దీని సొంత ప్రోగ్రాముల్లో తెలుగు అక్షరాలు కుదురుగా కూర్చోవు. కర్నూలు అని రాస్తే నకారం ఒత్తు కిందికి దిగకుండా పక్కన నిలబడుతుంది. నాకు దీని మీద ఉన్న పెద్ద బాధ ఇదే.

ఇక నేను పోగొట్టుకున్నవి చెప్తా. ఒకసారి ఆ చిట్టీల ఫోల్డర్‌ను మామూలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఇక్కడున్నవి తుడిచేశాను. తర్వాత పెన్‌డ్రైవ్ తెరిస్తే ఫైళ్లన్నీ ఉన్నాయి, గడులన్నీ ఖాళీ. పెన్‌డ్రైవ్‌లకు మామూలుగా ఉండే ఫ్యాట్ పద్ధతిలో ఆట్రిబ్యూట్‌లు నిలవవు. హైకూలోనే జిప్ చేసి ఆ జిప్‌ను కాపీ చెయ్, అప్పుడు లోపల భద్రంగా ఉంటాయి.

రెండోది ఇంకా ఘోరం. డ్రైవ్‌సెటప్‌లో డిస్కుల పేర్లు సరిగ్గా చూడకుండా ఇనీషియలైజ్ కొట్టాను, అది డిస్కును తుడిచి కొత్తగా సిద్ధం చేసే బటన్. అది ఖాళీ డిస్క్ అనుకున్నాను, కాదు, మీ అక్క పెళ్లి ఫోటోలు. మీ అత్త ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది. హైకూను ఇంకో మిషన్‌లో వేయాలనిపిస్తే ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడు, వైఫై పట్టుకుంటుందో లేదో అక్కడే తేలిపోతుంది. వేయాల్సి వస్తే వేరే డిస్క్ పెట్టు, డిస్కులో ఉన్న పార్టిషన్‌ను (భాగాన్ని) కుదించడం డ్రైవ్‌సెటప్‌కు చేతకాదు. స్క్రీన్ నల్లగా నిలిచిపోతే బూట్ అయ్యేటప్పుడు షిఫ్ట్ పట్టుకో, మెనూ వస్తుంది, అందులో సేఫ్ మోడ్‌లోకి పోయి ఫెయిల్‌సేఫ్ గ్రాఫిక్స్ ఎంచుకో.

బ్యాంకు పని మాత్రం దీంట్లో చేయొద్దు. ఒకే యూజర్, అన్నిటి మీదా అధికారం ఆ యూజర్‌కే. హాస్టల్లో ఎవడు మూత తెరిస్తే వాడే యజమాని.

దసరాకు వచ్చేటప్పుడు చార్జర్ మర్చిపోకుండా తెచ్చుకో. దానికి సరిపోయే పిన్ను నా దగ్గర ఇంకోటి లేదు.

ఇట్లు
మీ మామ