డిబేట్లు చూస్తూ మాటలు రాసుకుంటోంది... ఇది ఉద్యోగం అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ పొలిటికల్ సైన్స్ రెండో ఏడాది. టీవీలో ఎన్నికల డిబేట్ వస్తే చాలు, నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంటుంది. ఎవరు ఏ మాట వాడారో రాసుకుంటుంది. పెద్దయ్యాక ఇదే పని చేస్తానంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది. దీనికి జీతం ఎవరిస్తారండీ?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఇస్తారండీ. ఆమె పట్టుకున్నది చిన్న విషయం కాదు. మహిళల ఉచిత బస్సునే తీసుకోండి. తెలంగాణలో 2023 డిసెంబరులో, ఏపీలో 2025 ఆగస్టు 15న మొదలైంది. ప్రభుత్వాలు పెట్టిన పేర్లు ‘మహాలక్ష్మి’, ‘స్త్రీ శక్తి’. గిట్టనివాళ్లకు అదే ‘తాయిలం’. తాయిలం చంటిపిల్లలకు పెట్టేది కదా, ఆ మాట పడగానే ఓటరు కాస్తా మారాం చేసే పిల్లాడైపోతాడు. బస్సెక్కి కూలికెళ్లే ఆడమనిషి కనబడదు. యాంకరు ‘ఈ పప్పుబెల్లాలు ఎన్నాళ్లు పంచుతారు?’ అని మొదలుపెడితే, అవతలివాడు లెక్కలన్నీ చెప్పినా సగం ఓడినట్టే. అలాగని ‘సంక్షేమం’ అమాయకమైన మాటేం కాదు. ఆ మాట అన్నాక, డబ్బు ఎక్కణ్నుంచి తెస్తారని అడిగినవాడు పేదల శత్రువైపోతాడు.

జూన్ 2 సంగతీ అంతే. తెలంగాణకు అది ఆవిర్భావ దినోత్సవం. ఏపీలో 2014 తర్వాత కొన్నేళ్లు అదే తేదీన నవనిర్మాణ దీక్ష చేశారు. రాష్ట్రాన్ని రెండు చేసిన చట్టం పేరు ‘పునర్వ్యవస్థీకరణ’. మన వైపు అందరి నోటా అది ‘విభజన చట్టం’.

ఇక చదువు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్, కమ్యూనికేషన్, లింగ్విస్టిక్స్ (భాషాశాస్త్రం) మూడూ ఉన్నాయి. పీజీలో చేరడానికి సీయూఈటీ-పీజీ అనే ప్రవేశపరీక్ష రాయాలి. నన్నడిగితే లింగ్విస్టిక్స్ అంటాను, దానికి తోడు స్టాటిస్టిక్స్, కాస్త పైథాన్ ప్రోగ్రామింగ్. ‘ఆ మాట తెగ వాడారు’ అంటే ఎవరూ డబ్బివ్వరు. ఎన్ని గంటల డిబేట్‌లో, ఎవరు, ఏ ప్రశ్నకు, ఎన్నిసార్లు అన్నారో చూపించాలి.

ఉద్యోగాలు న్యూస్ రీసెర్చ్ డెస్కుల్లో, ఫ్యాక్ట్ చెక్ టీముల్లో, పార్టీలకు ఎన్నికల వ్యూహాలు రాసిచ్చే పొలిటికల్ కన్సల్టెన్సీల్లో ఉంటాయి. కన్సల్టెన్సీల్లో సీజన్‌కు డబ్బు బాగానే వస్తుంది, కౌంటింగ్ అయ్యాక చాలామంది మళ్లీ రెజ్యూమేలు పట్టుకుని తిరుగుతారు. దాచడం దేనికి?

మీరు ఒక్క పని చేయండి. ఆ నోట్‌బుక్ అడిగి తీసుకుని, మీ ఇంట్లో ఓటేసే పార్టీ వాళ్ల మాటలు అందులో ఎన్ని ఉన్నాయో చూడండి. ఒక్కటీ లేకపోతే, అవి కూడా రాయమని చెప్పి ఇంకో ఆర్నెల్లు ఆగండి. కోర్సు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.