బాలింత జ్వరం పాలు పడటం వల్లేనా?

పర్లాకిమిడి నుంచి అడిగారు: కాన్పయిన ఐదో రోజు చెల్లికి చలిజ్వరం, పాలు పడటం వల్లే అంటున్నారు పెద్దలు, ఆగొచ్చా అని. ఆగొద్దు. పాలు పడేటప్పుడు ఒళ్లు కాస్త వెచ్చబడినా ఒక రోజులో తగ్గాలి. 100.4 డిగ్రీలు దాటి వణుకు, పొత్తికడుపు నొప్పి, మైల రక్తంలో దుర్వాసన ఉంటే గర్భసంచిలో ఇన్ఫెక్షన్ అని అనుమానించాలి. ఆయాసం, గుండెదడ, మూత్రం తగ్గడం, మాట తడబడటం సెప్సిస్ గుర్తులు, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసి ప్రాణం మీదికి తెస్తోందన్నమాట. మనవాళ్లు దీన్నే సన్నిపాతమని కాయం తినిపిస్తూ కూర్చుంటారు, అదే నా భయం. సెప్సిస్ అయితే గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ పడాలి. గర్భసంచి ఇన్ఫెక్షన్‌కు సాధారణంగా క్లిండమైసిన్, జెంటామైసిన్ కలిపి ఇస్తారు. మాయ ముక్క మిగిలితే తీసేస్తారు. ఇప్పుడే 108కి ఫోన్ చేసి జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ కుదరదంటే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రికి.