ఇండీకార్ చూడాలంటే ముందు ఎక్కడికి?

ప్రశ్న: మేం షికాగో వచ్చి ఆరు నెలలైందండీ. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ (కరెంటు కార్ల) రేసుకు మా పాపను తీసుకెళ్లాను. అప్పటి నుంచి దానికి రేసు కార్లంటే ప్రాణం. ఇప్పుడు దానికి ఎనిమిదేళ్లు. ఇక్కడి రేసు కార్ల పోటీల సిరీస్ ఇండీకార్ చూపిద్దామనుకుంటున్నా. నేరుగా అందులో అతి పెద్ద రేసు ఇండియానాపోలిస్ 500కే వెళ్లమంటారా?

జవాబు: వెళ్లండి, కానీ మొదట అక్కడికి వద్దు తమ్ముడూ. జూన్‌లో విస్కాన్సిన్‌లోని ఎల్క్‌హార్ట్ లేక్ దగ్గర రోడ్ అమెరికా అనే ట్రాక్‌లో ఇండీకార్ రేసు జరుగుతుంది. పాపను ముందు అక్కడికి తీసుకెళ్లండి. మీ ఇంటి నుంచి కారులో రెండున్నర గంటలు, మహా అయితే మూడు.

1955లో కట్టిన ట్రాక్ అది. చుట్టూ చెట్లు, గడ్డి దిబ్బలు. ఒక చుట్టు నాలుగు మైళ్లు, 14 మలుపులు. ఒకే సీటుకు అతుక్కుని కూర్చోవాల్సిన పని లేదు, కుర్చీలు చంకన పెట్టుకుని ఎటైనా నడవచ్చు. ఐదో మలుపు దగ్గర దిబ్బ మీద చోటు చూసుకోండి. పల్లంలోకి దూసుకొచ్చిన కార్లు అక్కడ గట్టిగా బ్రేకు వేస్తాయి, ఒకదాన్నొకటి దాటేది ఎక్కువగా అక్కడే. ఆదివారం ఒక్కరోజుతో సరిపెట్టకండి. శుక్రవారం ప్రాక్టీసుకు జనం తక్కువ. పాడక్‌లోకి, అంటే జట్లు కార్లు సిద్ధం చేసుకునే చోటికి వెళ్తే మెకానిక్‌లు కారు విప్పి బిగించడం పాప దగ్గర నుంచి చూస్తుంది. టికెట్ కొనేటప్పుడు పాడక్ ప్రవేశం ఉందో లేదో అడగండి.

కార్లన్నిటికీ చాసిస్, అంటే కారు ఒళ్లు, డల్లారా కంపెనీదే. ఇంజను మాత్రం హోండా లేదా షెవర్లే, 2.2 లీటర్ల వీ6. పవర్ స్టీరింగ్ ఉండదు, డ్రైవరు చేతుల బలంతోనే తిప్పాలి. ఇలాంటి మలుపుల రోడ్డు ట్రాకుల మీద పక్క అంచు ఎర్రగా ఉన్న టైర్లు మెత్తనివి. పట్టు ఎక్కువ, త్వరగా అరుగుతాయి. మెత్తనివి, గట్టివి రెండు రకాలూ రేసులో వాడి తీరాలి. ఎవరు ఎప్పుడు ఏ టైరు వేశారో పాపను ఒక కాగితం మీద రాయమనండి. పది చుట్లలో ఆట మొత్తం తనకే తెలిసిపోతుంది. ప్రమాదం లాంటిది జరిగి పసుపు జెండా పడితే కార్లన్నీ వేగం తగ్గించి దగ్గరకు చేరతాయి. అంతకు ముందే పిట్‌లోకి (టైర్లు మార్చి ఇంధనం నింపే చోటు) వెళ్లి వచ్చినవాడికి అదృష్టం కలిసొస్తుంది.

ఆగస్టు చివర్లో మిల్వాకీ మైల్ ట్రాక్‌లో రేసు ఉంది. 1903 నుంచీ రేసులు జరుగుతున్న ఓవల్, అంటే కోడిగుడ్డు ఆకారపు ట్రాక్. కూర్చున్న చోటు నుంచే ట్రాకంతా కనిపిస్తుంది.

ఆ రెండూ చూశాక, వచ్చే మే నెలలో ఇండియానాపోలిస్‌కు బయల్దేరండి. అది రెండున్నర మైళ్ల ఓవల్. 33 కార్లు, 200 చుట్లు. మొదటి 500 జరిగింది 1911లో. గంటకు 220 మైళ్లు దాటిన కారు కళ్ల ముందు నుంచి పోతుంటే గుండెల్లో దడ పుడుతుంది. నేను మొదటిసారి చవకని కింది వరుసలో సీటు కొన్నాను. ఒక్క గీతలా మెరిసి పోవడం తప్ప ఏమీ కనపడలేదు. మీరు పై వరుసలు తీసుకోండి, కొంచెం ఖర్చయినా సరే.

షికాగో కన్నా ఇండియానాపోలిస్ గడియారం గంట ముందుంటుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. తెల్లవారకముందే ట్రాఫిక్ ఆగిపోతుంది. ఓవల్ మీద వాన పడితే రేసు ఆపేస్తారు. 2024లో నాలుగు గంటలు ఆలస్యంగా మొదలైంది. ఒక్కోసారి మర్నాటికీ వాయిదా పడుతుంది. రేసు మర్నాడు సోమవారం మెమోరియల్ డే సెలవే కాబట్టి, హోటలు గది ఆ రోజు దాకా ఉంచుకోండి. కూలర్ లోపలికి రానిస్తారు, గాజు సీసాలు మాత్రం కుదరవు. మేం పులిహోర, పెరుగన్నం, గడ్డ కట్టించిన నీళ్ల సీసాలు పట్టుకెళ్తాం. టోపీలు మరవకండి.

అన్నిటికన్నా ముఖ్యం పాప చెవులు. దూదితో ఆగే చప్పుడు కాదది. పిల్లల సైజు ఇయర్‌మఫ్‌లు ముందే కొని, ఇంట్లో ఒక గంట పెట్టించి అలవాటు చేయండి. మా అబ్బాయికి గేటు దగ్గర పెడితే ఐదు నిమిషాల్లో పీకేశాడు, రేసు సగంలోనే వెనక్కి వచ్చేశాం.

రోడ్ అమెరికా పక్కన హోటళ్లు తక్కువ, షెబోయ్‌గన్‌లో చూడండి. గది ఇప్పుడే పట్టుకోండి.