సమాధానం: గొడుగు, స్వెటర్ వాడినా జలుబు ఎందుకు తగ్గడం లేదు?

మీరు తడవకుండా జాగ్రత్తపడుతున్నా జలుబు తిరగబెట్టడానికి అసలు కారణం వాన కాదు, వైరస్‌లు. అయితే వాటిలో ముఖ్యమైన రైనోవైరస్ శరీరం లోపలి 37 డిగ్రీల వేడిలో కన్నా ముక్కులోని 33 డిగ్రీల చల్లదనంలో బాగా పెరుగుతుంది కనుక, చలి పాత్రను పూర్తిగా కొట్టిపారేయలేము.

1. తడిస్తే వెంటనే పొడి బట్టలు మార్చుకోండి.

2. చాలామంది మరిచిపోయేది ఇదే: చలికి భయపడి కిటికీలన్నీ బిగించడంతో, ఒకరు దగ్గినా తుమ్మినా వెలువడిన తుంపరలు బయటకు పోయే దారి లేక గదిలోని వారందరూ ఆ గాలినే పీలుస్తారు. ఎంత చలిగా ఉన్నా, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా జలుబు ఉన్నప్పుడు, ఎదురెదురు కిటికీలను రోజూ కొన్నిసార్లు కాసేపు తప్పక తెరవండి.

3. ముక్కు, కళ్లు తాకే ముందు సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోండి.

ఆయాసం వస్తే మాత్రం ఆలస్యం చేయక వైద్యుణ్ణి కలవండి.