ముందు పానా పట్టనివ్వండి, లోను తర్వాత

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. బీసీలం. నేనూ మా ఆయనా కరువు పనికి పోతాం. మా వాడికి 20 ఏళ్లు, ఇంటర్ తప్పాడు. బండ్ల రిపేరంటే ఇష్టం. పీఎంఈజీపీ కింద 5 లక్షల లోను ఇప్పిస్తానని ఒకాయన అంటున్నాడు. అందులో 1.75 లక్షలు సబ్సిడీ అట, అది చేతికే వస్తుందట. ఖర్చులకు 20 వేలు అడుగుతున్నాడు. ఇయ్యమంటారా?

జవాబు: ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దమ్మా. పీఎంఈజీపీ అంటే సొంతంగా యూనిట్ పెట్టుకునేవాళ్లకు సబ్సిడీతో బ్యాంకు లోను ఇప్పించే కేంద్ర ప్రభుత్వ పథకం. ఆ దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి, ఫీజు లేదు. అర్థం కాకపోతే జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి, చెబుతారు.

అయితే ఆయన చెప్పిన అంకె అబద్ధం కాదు. పల్లెలో యూనిట్ పెట్టే బీసీలకు సబ్సిడీ 35 శాతం. 5 లక్షల షాపుకు మీరు 25 వేలు పెట్టాలి, మిగతా 4.75 లక్షలు బ్యాంకు అప్పిస్తుంది. చేతికి వస్తుందన్నదే అబద్ధం. ఆ 1.75 లక్షలు మీ వాడి పేరుతో బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటాయి. షాపు నడుస్తోందని చూసుకున్నాకే లోనులో జమ చేస్తారు. అప్పటిదాకా కంతులు కడుతూనే ఉండాలి. ఏడాదికే షట్టర్ దించేస్తే సబ్సిడీ వెనక్కి పోతుంది, అప్పు మీ నెత్తిన మిగులుతుంది.

ఇంతకీ మీ వాడికి పని వచ్చా? ఇష్టం ఉందని రాశారు గానీ వచ్చని రాయలేదు. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) బండ్లలో చాలావాటికి ఇంజిన్‌కు పెట్రోలు అందించే పాత కార్బరేటరే లేదు. దాని బదులు ఎలక్ట్రానిక్స్‌తో నడిచే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, లోపం ఎక్కడుందో స్కానర్ పెట్టి చూడాలి. స్నేహితుడి పాత బండికి ప్లగ్ తుడిచిన చేతికి అది అందదు.

అందుకే ముందు శిక్షణకు పంపండి. మీ అనంతపురంలోనే పల్లె యువతకు స్వయం ఉపాధి పనులు నేర్పే రూడ్‌సెట్ సంస్థ ఉంది. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైంది. దాన్ని చూసి కేంద్ర ప్రభుత్వం తర్వాత అలాంటి శిక్షణ సంస్థలనే ఆర్‌సెటీల పేరుతో జిల్లాకొకటి పెట్టించింది. టూవీలర్ మెకానిక్ కోర్సు నెల రోజులు ఉంటుంది. ఫీజు లేదు, భోజనం, వసతి వాళ్లవే. పని ఒక్కటే కాదు, లెక్క రాసుకోవడం, బ్యాంకులో మాట్లాడటం కూడా నేర్పిస్తారు. తర్వాత రెండేళ్లు ఎలా ఉన్నావని అడుగుతుంటారు కూడా.

నెలకే మెకానిక్ అయిపోడు, అది వేరే మాట. టౌన్‌లో రద్దీ ఉన్న షాపులో ఏడాది చేయనివ్వండి. జీతం తక్కువే ఇస్తారు, ఓర్చుకోవాలి. స్పేర్‌పార్ట్ ఎంతకు తెచ్చి ఎంతకు వేస్తారో, అరువు పెట్టిన గిరాకీని ఎలా వసూలు చేస్తారో అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాతే పీఎంఈజీపీ. ఇక్కడొక మెలిక ఉంది. ఆ పథకం కొత్త యూనిట్‌కే. తొందరపడి ముందే చిన్న షాపు తెరిచి, దాన్ని పెంచుకోవడానికని అడిగితే ఇవ్వరు.

ఊరు వదలడానికి సిద్ధమైతే డీడీయూ-జీకేవై ఉంది. పల్లెల్లోని పేద యువతకు ఉచితంగా శిక్షణ ఇచ్చి కంపెనీల్లో చేర్పిస్తారు. నేను పంపిన పిల్లల్లో కొందరు నిలబడ్డారు, కొందరు రూము అద్దెకే జీతం సరిపోయి రెండో నెలలో బస్సెక్కి వచ్చేశారు. చేతిపని మీద ఇష్టమున్న వాడికి నేనైతే అది చెప్పను.

ఉపాధి హామీ దేశంలో మొదట 2006 ఫిబ్రవరి 2న మీ జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. ఆ పని మీ ఇంటిని నిలబెట్టింది కానీ మీ వాడికి విద్య నేర్పదు. జాబ్ కార్డు మాత్రం జాగ్రత్తగా ఉంచండి, రూడ్‌సెట్‌లో పేద కుటుంబమని చూపడానికి అక్కరకొస్తుంది. ఆధార్, పదో తరగతి మార్కుల మెమో, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు కూడా ఇచ్చి, తర్వాతి బ్యాచ్ ఎప్పుడో కనుక్కురమ్మని పంపండి. మీరు వెంట వెళ్లకండమ్మా, వాడినే వెళ్లి అడగనివ్వండి.